శ్రవ్యకథలో సంగీతధ్వనుల యెన్నిక: జహీరాబాదు ప్రాంతము నాధారముగా

మన యాలంకారికులు కావ్యమును దృశ్యమనియు, శ్రవ్యమనియు విభజించిరి. రేడియోలో వినబడు కథ యీ విభాగమునకు సులభముగా లొంగదు. చెవికి మాత్రమే యందుటచే నది శ్రవ్యము. కాని పాత్రలు మాటలాడుచు, తలుపులు తెఱచుకొనుచు, వాన కురియుచు కథ నడచుటచే దానికి దృశ్యధర్మములును గలవు. కంటిపని చెవి చేయవలసి వచ్చినపుడు ఏ ధ్వనిని గ్రహింపవలెను, దేనిని విడువవలెను? ఈ ప్రశ్నను మేము జహీరాబాదు ప్రాంతమును ముందుంచుకొని పరిశీలింపదలచితిమి.

ఆ ప్రాంతమునే యెన్నుకొనుటకు కారణము కలదు. స్వచ్ఛంద సంస్థలు సముదాయ రేడియో నడపుకొనుటకు కేంద్రప్రభుత్వము 2006లో ననుమతించినది. పిమ్మట డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ జహీరాబాదునకు సమీపముననున్న మాచనూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియోను ప్రారంభించినది. 90.4 మెగాహెర్ట్జ్‌పై వెలువడిన యా ప్రసారమును నడపినవారు దళిత స్త్రీలు. అది చేరునది సుమారు 25 కిలోమీటర్ల మేర. అనగా చెప్పువారి నోరును, వినువారి చెవియు నొక్క నేలవే. మహానగరమునుండి వచ్చు ప్రసారములో పొరపాటు ధ్వని యెవరికిని పట్టకపోవచ్చును. ఇట్టిచోట నది యారాత్రియే పట్టుబడును.

సంగీతమునుగూర్చి భరతుడు నాట్యశాస్త్రమున జెప్పిన ధ్రువల విభాగము నేటికిని పనికివచ్చును. పాత్ర ప్రవేశించునపుడు ప్రావేశికి, నిష్క్రమించునపుడు నైష్క్రామికి, నడచుచున్న భావమును విఱిచి వేఱొకదానిని దెచ్చుటకు ఆక్షేపికి, చెదరిన మనస్సును దేర్చుటకు ప్రాసాదికి, నటుడు తడబడినపుడో వస్త్రాభరణములు సవరించుకొనునపుడో యా లోపమును గప్పుటకు అంతర. నేటి రేడియో కథల సంగీతములో పెక్కుభాగ మీ యైదవ జాతిదే యని మా యభిప్రాయము. సన్నివేశము బలహీనమైనచోట వయొలిన్ హెచ్చుచుండును. కావున ప్రతి వాద్యఖండమునకును ముందు 'ఇది యైదింటిలో నేది?' యని ప్రశ్నించుకొనుట మేలు. సమాధానము లేనిచో దానిని తొలగింపవచ్చును.

మాటల క్రింద సంగీతము నుంచునపుడు మఱియొక చిక్కు గలదు. మాట స్పష్టముగా దెలియుటకు వలసిన ధ్వనులలో ముఖ్యభాగము 300 మొదలు 3,400 హెర్ట్జుల నడుమ నుండును. టెలిఫోను చిరకాల మీ మేరతోనే పని నడపినది. వేణువును, గానమును నా మేరలోనే సంచరించును గనుక మాటను మ్రింగివేయును. సాహిత్యముతో గూడిన పాట మఱింత ప్రమాదము, ఏలన వినువాడు రెండు వాక్యముల నొకేసారి యనుసరింపలేడు. చిన్న ట్రాన్సిస్టరులో మంద్రధ్వనులు సరిగా వినబడవు. స్టూడియోలో గంభీరముగా దోచిన డప్పు గుడిసెలో బలుచని చప్పుడుగా మిగులును. ఎడ్లమెడ గంటలు మాత్రము చక్కగా చేరును.

డప్పు ప్రసంగము వచ్చినది గనుక దానిని కొంత విచారింపవలెను. నాగరిక శ్రోతకు డప్పు 'గ్రామము'ను సూచించు సామాన్యధ్వని. గ్రామస్థున కట్లు కాదు. పెండ్లిదెబ్బ వేఱు, జాతరదెబ్బ వేఱు, చావుదెబ్బ వేఱు. చర్మమును మంటకు కాచి బిగించిన డప్పు పలుకొకటి, చెమ్మగిలినదాని పలుకొకటి. కథలో పెండ్లివారు బయలుదేరుచుండగా చావుదెబ్బ వినబడినచో, వినువారు కథను విడిచి 'చనిపోయిన దెవరు?' యని యడుగుదురు. ఇది చిన్న దోషము గాదు, అర్థమే మాఱినది. ధ్వనుల సంపుటమునుండి 'డప్పు' అను పేరు చూచి తీసికొనువారి కీ భేదము తెలియు నవకాశము లేదు. తెలిసినవారు తరతరములుగా దానిని వాయించినవారే. కావున వారిని వాద్యకారులుగా మాత్రమే గాక నిర్ణేతలుగా గూడ నాహ్వానింపవలెను.

ఆనందవర్ధనుడు 'ధ్వని' యనినది శబ్దమును గాదు, వ్యంగ్యార్థమును. అయినను శ్రవ్యకథలో నీ రెండును గలిసికొను తావులు గలవు. ఒక యూహ చేయుదము. తెల్లవారుజామున నొక స్త్రీ ఇసుర్రాయి త్రిప్పుచున్నది. జొన్నలు పడుచున్నంతసేపు శబ్దము మెత్తగా, బరువుగా నుండును. గింజలు తఱిగినకొలది రాయి రాతిని గీచుకొనును. ఆమె మాటలో మార్పులేదు, పాట యాగలేదు. రాతిగీఱు మాత్రము హెచ్చినది. ఇంట గింజలు లేవని యెవ్వరును జెప్పలేదు. ఇచ్చట విషాదవాద్యము నుంచుట వ్యంగ్యమును వాచ్యముగా దిగజార్చుట యగును.

వాన సంగతి దీనికి విపర్యయము. యథార్థమైన వానను రికార్డు చేసినను రేడియోలో నూనె వేగునట్లో, స్టేషను దప్పినట్లో వినబడును. రేకుపై పడు వాన, చూరునుండి గిన్నెలో జాఱు చుక్క – ఇట్లు దేనిపై బడుచున్నదో తెలిసినపుడే యది వాన యగును. కాలసూచన కూడ నిట్టిదే. 1960 ప్రాంతపు సేద్యమును జెప్పు కథలో నేటి ట్రాక్టరు దూరమున వినబడినను కాలము చెడును. జహీరాబాదు జాతీయరహదారిపై నున్నది. నేడచ్చట ట్రాక్టర్ల కర్మాగారమును గలదు. ప్రాతకాలపు పొలమును రికార్డు చేయువారు రహదారికి దూరముగా, వేకువనే పోవుట మంచిది.

నిశ్శబ్దమును గూడ నెన్నుకొనవలెను. 1924 జనవరి 15న బి.బి.సి. ప్రసారము చేసిన రిచర్డ్ హ్యూస్ నాటిక బొగ్గుగనిలో దీపములారిన చీకటిలో నడచును. పాత్రలకును శ్రోతలకును కన్ను సమానముగా లేకపోవుటయే యందలి యుపాయము. మన పల్లెకథలకు గనితో పనిలేదు. కరెంటు పోయిన రాత్రి చాలును. పంకా యాగినపుడు కలుగు మౌనము నందఱు నెఱుగుదురు.

పరిశోధక విద్యార్థు లిట్టి ధ్వనులను సేకరించునపుడు గ్రామము, మాసము, వేళ, వాయించినవారు చెప్పిన దెబ్బపేరు, అది యే సందర్భమునకు తగదో కూడ వ్రాసికొనవలెను. తగనిచోటును వ్రాసికొనని ధ్వనిని కథలో వాడుటకు మేము సమ్మతింపము.