నేను రాసిన ఆత్మకథలు

ఇప్పటికి 14 ఆత్మకథలు రాశాను. అందులో ఒక్కటీ నాది కాదు. ఒక రిటైర్డు డాక్టరుగారిది, ఇద్దరు హెడ్మాస్టర్లవి, ఒక రైసు మిల్లు యజమానిది, ఒక హరికథ భాగవతారుగారిది... ఇలాగ. అట్టమీద వాళ్ళ పేరు, వాళ్ళ ఫొటో. నా పేరు ఉంటే గింటే లోపల కృతజ్ఞతల పేజీలో, డి.టి.పి. చేసిన అమ్మాయికీ బైండింగు చేసినాయనకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. దీన్నే ఇంగ్లీషువాళ్ళు ఘోస్టు రైటింగు అన్నారు. అంటే దెయ్యం రాత అన్నమాట. ఈ మాటకి అర్థం చెప్పిననాడు మా అమ్మ నాకు ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీసింది.

అమ్మ భయపడింది గాని ఇదేమీ కొత్త వృత్తి కాదు. కావ్యం ఎందుకు రాయాలయ్యా అంటే కీర్తికీ, డబ్బుకీ, ఇంకా కొన్నిటికీ అని 11వ శతాబ్దంలో మమ్మటుడు చెప్పాడు. కీర్తికి కాళిదాసుని ఉదాహరణగా చూపించి, డబ్బుకి మాత్రం శ్రీహర్షుడి దగ్గర ధనం పుచ్చుకున్న ధావకుణ్ణి చూపించాడు. రత్నావళి నాటిక ధావకుడే రాసి రాజుగారి పేరు పెట్టాడని వ్యాఖ్యాతలు అంటారు. నిజమో కాదో వాళ్ళకే తెలియాలి. మన ఆముక్తమాల్యదని పెద్దనే రాశాడని వాదించినవాళ్ళూ లేకపోలేదు. రాజుగారు బాగా రాస్తే లోకానికి అనుమానమే కాబోలు!

ఫ్రాన్సులో అయితే ఈ తగాదా కోర్టుకే ఎక్కింది. డ్యూమా రాసిన 'త్రీ మస్కిటీర్స్', 'మాంటీ క్రిస్టో' తెలియనివారుండరు. వాటిలో చెయ్యి చేసుకున్న ఒగస్ట్ మాకే పేరు ఎందరికి తెలుసు? డబ్బూ పేరూ రెండూ కావాలని ఆయన దావా వేశాడు. 1858లో కోర్టు డబ్బు ఇవ్వమంది, పేరు మాత్రం పెట్టమనలేదు. ఈనాటికీ మాకు ఆ తీర్పే ధర్మశాస్త్రం.

నేను ఈ పనిలోకి కోరి రాలేదు. పదేళ్ళు ఒక పత్రికలో డెస్కు పని చేశాను. పాపకి రెండో ఏడు వచ్చేసరికి రాత్రి డ్యూటీలు కుదరక మానేశాను. ఇంట్లో కూర్చుని కథలు రాద్దామనుకున్నాను. కథలు అచ్చయ్యేవి. వచ్చే పారితోషికంతో పాప పాలడబ్బాలు కూడా వచ్చేవి కావు. ఆ తరవాత అనువాదాలు, మందుల కంపెనీల కరపత్రాలు, చీరల దుకాణం ప్రకటనలు, పుస్తక సమీక్షలు, ఏది దొరికితే అది. ఫ్రీలాన్సు అనే మాట 1820 నాటి స్కాటు నవల 'ఐవాన్‌హో'లో కనిపిస్తుంది. ఏ దొర జీతమిస్తే ఆ దొర తరఫున బల్లెం పట్టే సిపాయి అని అర్థం. నా పనికి అంతకన్న సరైన పేరు దొరకదు. 2020లో కరోనా వచ్చి కొన్ని తెలుగు వారపత్రికల అచ్చు ఆగిపోయాక, నా బల్లానికి మిగిలిన పెద్ద కొలువు ఈ ఆత్మకథలే.

మొదట వచ్చినవి షష్టిపూర్తి సంచికలు. ఒక పెద్దమనిషిని ఏడుగురు మిత్రులు పొగుడుతూ ఏడు వ్యాసాలు రాయాలి. ఆ ఏడుగురికీ తీరిక లేదు. ఏడూ నన్నే రాయమన్నారు. ఒకాయన తెలుగు లెక్చరరు, ఆయనకి సమాసాలు పెట్టాలి. ఒకాయన కాంట్రాక్టరు, ఆయన వ్యాసంలో చేపల పులుసు ప్రసక్తి రావాలి. చివరికి ముందుమాట కూడా నాకే పడింది. "ఇందులోని వ్యాసాల శైలీవైవిధ్యం ముచ్చటగొలుపుతుంది" అని రాసి, ఆ రాత్రి మా వారికి చదివి వినిపించి ఇద్దరం కడుపు నొప్పి పుట్టేలా నవ్వాం.

ఆత్మకథ అలా కుదరదు. మనిషి ఎదురుగా కూర్చోవాలి. గంట మాట్లాడితే, మళ్ళీ మళ్ళీ చెప్పినవీ, ఎవరి పెళ్ళిలో ఏం వడ్డించారో తీసేస్తే అచ్చులో అయిదారు పేజీలు మిగులుతాయి. ఇరవై కూర్చుళ్ళకి డెమీ సైజులో 128 పేజీల పుస్తకం, అంటే 16 పేజీల ఫారాలు ఎనిమిది. రాయడం కష్టం కాదు. ఆయన "ఎట్టా" అంటే "ఎట్టా" అనే రాయాలి, నా "ఎలా" అక్కడ దూరకూడదు. అదే కష్టం. పుస్తకం చదివి వాళ్ళ చెల్లెలు "అన్నయ్య పక్కన కూచుని చెబుతున్నట్టే ఉంది" అంటే నాకు పద్మశ్రీ వచ్చినట్టు.

డబ్బు సంగతి చెప్పకపోతే ఈ దారిలోకి రాదలచుకున్న చెల్లెళ్ళు నన్ను తిట్టుకుంటారు. నేను మూడో వంతు ముందు పుచ్చుకుంటాను, మూడో వంతు చిత్తుప్రతి అందాక, తక్కింది అచ్చుకి ఇచ్చేముందు. అంతా కాగితం మీద. 1957 కాపీరైటు చట్టం ప్రకారం, ఉద్యోగంలో భాగంగా రాసినదైతే తప్ప, రాసినవాళ్ళే మొదటి హక్కుదారులు. హక్కు ఇంకొకరికి ఇవ్వాలంటే సంతకం పెట్టిన కాగితం ఉండాలి. ఎన్నాళ్ళకో అందులో రాయకపోతే 5 ఏళ్ళకే అని లెక్క. నోటిమాట చెల్లదు. నా ఒప్పందంలో ఇంకో వాక్యం కూడా మొదటినుంచీ ఉంది: డబ్బెవరిచ్చినా, ఎవరి కథో వారి మాటే చివరి మాట.

2023లో ఆ వాక్యం అక్కరకొచ్చింది. పల్నాడు వైపు ఒక పెద్దాయనకి సహస్ర చంద్ర దర్శనం. కొడుకులిద్దరూ బాగా ఉన్నవాళ్ళు, పెద్దబ్బాయి అమెరికాలో, రెండో ఆయన హైదరాబాదులో. నాన్నగారి జీవితం పుస్తకంగా వేసి వచ్చినవాళ్ళకి పంచుదామన్నారు. పెద్దాయన ఎల్.సి.ఇ. చదివి, 1963లో నాగార్జునసాగర్ డ్యాము మీద సూపర్‌వైజరుగా చేరారు. రాయి మీద రాయి పేర్చి కట్టిన డ్యాము అది. తలమీద రాళ్ళు మోసుకుంటూ పరంజాల మీదుగా ఎక్కే కూలీల వరసలూ, ఎండకి కాలే రాయీ, 1967 ఆగస్టులో కాలవలకి నీళ్ళు వదిలిననాటి సందడీ ఆయన చెబుతుంటే నేను రాసుకోవడం మర్చిపోయేదాన్ని.

తొమ్మిదో రోజున తమ్ముడి సంగతి వచ్చింది. తండ్రి పోయేనాటికి ఉన్నది నాలుగెకరాల మెట్ట. తమ్ముడు బడి మానేసి నాగలి పట్టి, అన్న పరీక్ష ఫీజులు కట్టాడు. ఉద్యోగం వచ్చిననాడు అన్న, "ఆ నాలుగెకరాలూ నీవేరా, నాకొద్దు" అన్నారు. కాగితం లేదు, అన్నదమ్ముల మధ్య కాగితమేమిటి? తరవాత సాగర్ కాలవ ఆ మెట్టని మాగాణి చేసింది, ధర పెరిగింది. తమ్ముడు పోయాడు. ఇప్పుడు పెద్దాయన కొడుకులు తమ వాటా కోసం పినతండ్రి పిల్లల మీద దావా వేసి ఉన్నారు.

చిత్తుప్రతి చూసి రెండో ఆయన ఫోను చేశారు. "మేడమ్, ఆ చాప్టరు తీసెయ్యండి. అచ్చులో ఉంటే అవతలివాళ్ళ వకీలు పట్టుకుంటాడు. రాసింది మీరేగా, మాకు కావలసినట్టు మార్చండి." నాన్నగారిని అడగాలన్నాను. ఆయన గొంతు మారింది. "డబ్బిచ్చేది మేమండీ." ఆఖరి మూడో వంతు ఆయన చేతిలోనే ఉంది. ఆ నెల పాప కాలేజీ ఫీజు కట్టాలి.

మర్నాడే బస్సెక్కి వెళ్ళాను. అరుగు మీద పెద్దాయన పక్కన కూర్చుని, కొడుకు అన్నది అన్నట్టు చెప్పాను. బాబాయిగారూ, మీ ఇష్టం అన్నాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత, "అమ్మాయ్, ఆ నాలుగెకరాలు తీసేస్తే నేను ఎట్టా చదువుకున్నానని రాస్తావు?" అన్నారు.

దానికి నా దగ్గరేకాదు, ఎవరి దగ్గరా జవాబు లేదు. అధ్యాయం అలాగే ఉంచాను. కొడుకులు డబ్బు ఆపేశారు. గుంటూరులో ఫంక్షన్ హాలులో ఉత్సవం ఘనంగా జరిగింది, పుస్తకం లేకుండానే. పెద్దాయన తన పెన్షనులోంచి నెలకింత చొప్పున మూడు నెలల్లో నా బాకీ తీర్చారు, వద్దంటే వినలేదు. 200 కాపీలు వేయించి ఊళ్ళో తనే ఇంటింటికీ ఇచ్చారు. మొదటి కాపీ మరదలుగారికి. ఆవిడకి చదువు రాదు. మనవరాలు చదివి వినిపించిందట.

దావా ఇంకా నడుస్తోంది.

వచ్చే సోమవారం నుంచి ఒక రిటైర్డు హెడ్ నర్సుగారి దగ్గర కూర్చుంటున్నాను. మొదటి ఫోనులోనే ఆవిడ, "మా ఆయన గురించి చెప్పింది చెప్పినట్టు రాస్తారా?" అని అడిగింది. రాస్తానన్నాను. వారు ఉన్నారా అని అడిగాను. ఉన్నారట, పక్క గదిలోనే.