కారుకు బదులు కాలపట్టిక

కారు ఉన్న కుటుంబానికి రైలు టిక్కెట్టు ఎప్పుడూ ప్రియంగానే కనిపిస్తుంది. ఇది లోభం కాదు, లెక్కలోని చిక్కు. కారు ధర, బీమా, పన్ను, బండిని నిలిపే చోటు అద్దె మొదలైనవి బండి కదిలినా కదలకపోయినా చెల్లించవలసినవే. అర్థశాస్త్రంలో వీటిని స్థిర వ్యయాలంటారు. ప్రయాణం తలపెట్టిన రోజున కంటికి కనిపించేది పెట్రోలు ఖర్చు ఒక్కటే. దానిని నలుగురి టిక్కెట్లతో పోల్చితే సాధారణంగా కారే గెలుస్తుంది.

ఈ ముడిని స్విట్జర్లాండులో రెండు కొసల నుంచి విప్పజూచారు.

మొదటిది ఉమ్మడి కారు. జూరిచ్ నగరంలో 1948లోనే ‘సెఫాగె’ అనే సంఘంవారు కారును పంచుకొని వాడుకొన్నారు. సొంతంగా కొనే స్తోమతు లేనివారు చేసికొన్న ఏర్పాటది. 1987లో పుట్టిన రెండు సహకార సంఘాలు 1997లో ఏకమై ‘మొబిలిటీ’గా ఏర్పడ్డాయి. సభ్యులు గంటల లెక్కన, కిలోమీటర్ల లెక్కన రుసుము చెల్లిస్తారు. బీమా, మరమ్మతు, బండి అరుగుదల అన్నీ అందులోనే కలిసి ఉంటాయి. కనుక ప్రతి ప్రయాణం తన పూర్తి ధరను ముందే చెప్పుతుంది. రైల్వేలవారి సగం ధర కార్డు ఇదే సూత్రాన్ని తిరగవేసింది. కార్డుకు ఒకసారి డబ్బు కట్టినవారికి ఆపైన ప్రతి టిక్కెట్టూ చౌకగా తోస్తుంది!

అయితే బండికోసం గంటల తరబడి కాచుకోవలసి వస్తే కారును ఎవరు వదులుకొంటారు? రెండవ కొస ఇక్కడ ఉన్నది. 1982లో స్విస్ రైల్వేలు కనీసం గంటకొక బండి చొప్పున క్రమబద్ధమైన కాలపట్టికను అమలుపరచాయి. 8 గంటల 2 నిమిషాలకు బండి ఉన్నదంటే, 9 గంటల 2 నిమిషాలకు, 10 గంటల 2 నిమిషాలకు కూడ ఉన్నట్లే.

ఇంతకన్న ముఖ్యమైనది బండ్ల కలయిక. పల్లె బస్సు దిగేసరికి పట్నం బస్సు రెండు నిమిషాల క్రితమే వెళ్లిపోయిన అనుభవం మన విద్యార్థులకు కొత్త కాదు. కూడలి స్టేషనుకు అన్ని దిక్కుల బండ్లూ గంట కొట్టడానికి కొద్ది నిమిషాల ముందు చేరి, గంట కొట్టిన కొద్ది నిమిషాలకు బయలుదేరితే, ఎవరైనా ఏ బండిలోనికైనా మారవచ్చు. ఇది ప్రతి కూడలిలోను సాగాలంటే, గంట దూరపు కూడళ్ల మధ్య ప్రయాణం గంటకు కొంచెం తక్కువే పట్టాలి. పది నిమిషాలు ఎక్కువైతే కలయిక తప్పుతుంది. ప్రయాణికుడు తరువాతి బండికై ఇంచుమించు గంటసేపు కూర్చోవాలి.

జూరిచ్, బెర్న్ నగరాల మధ్య పూర్వం గంటకు పైగా పట్టేది. 2004 డిసెంబరులో మాట్‌స్టెటెన్, రోత్రిస్ట్‌ల మధ్య కొత్త మార్గం తెరిచారు. దానిపై బండ్లు గంటకు 200 కిలోమీటర్ల వేగంతో నడవగా, ప్రయాణకాలం 56 నిమిషాలకు తగ్గింది. ఇంజనీర్లు ఈ వేగాన్ని గడియారాన్నిబట్టి నిర్ణయించారు. ఇంకా వేగంగా నడిపి 45 నిమిషాలలో చేర్చినా, బండి మారవలసినవారు ప్లాటుఫారంపై ఊరక నిలబడవలసినదే.

కొండ గ్రామాలకు పోయే పసుపుపచ్చని తపాలా బస్సులు కూడ రైళ్ల రాకను అనుసరించే కదులుతాయి. రాత్రి చివరి బస్సు వెళ్లిపోయిన తరువాత మాత్రం ఆ గ్రామాలలో కారు గలవారిదే పైచేయి.