బంగారు రంగు చూసి మోసపోకండి

కాణిపాకం చుట్టుపక్కల పల్లెల్లో చెరకు గానుగ రోలరు అరిగినా, మోటారు షాఫ్టు దెబ్బతిన్నా చిత్తూరు లేత్ షాపులకు చేరాల్సిందే. అక్కడ ఇనుమును చెక్కేది వేలిగోరంత కార్బైడ్ ఇన్సర్టు. దాని మీద బంగారంలా మెరిసేది టైటానియం నైట్రైడ్ పూత. పూత వేసిన ఇన్సర్టులు 1969లో బజారుకొచ్చాయి. పూత ఎంత మందమైతే టూలు అంత మన్నుతుందన్న నమ్మకమూ వాటి వెంటే వచ్చింది. అది సగం నిజం మాత్రమే. మిగతా సగం పూతకు ముందూ తర్వాతా ఆ ఉపరితలానికి చేసే పనిలో ఉంది.

సీవీడీ (రసాయన ఆవిరి నిక్షేపణ) పద్ధతిలో పూత సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ వేడిలో పడుతుంది. చల్లారేటప్పుడు కింది కార్బైడ్ కంటే పూత ఎక్కువ కుంచించుకోవాలి. కార్బైడ్ దాన్ని కుంచించుకోనివ్వదు. ఆ లాగుడికి పూతలో సన్నటి బీటలు పుడతాయి. మందం పెంచితే బెడద ఇంకా పెరుగుతుంది. కీవే (పొడవాటి గాడి) ఉన్న షాఫ్టును తిప్పుతున్నప్పుడు గాడి వచ్చిన ప్రతిసారీ అంచుకు దెబ్బ తగులుతుంది, ఆ బీటలే పెచ్చులుగా ఊడతాయి. అందుకే పూత వేశాక నీళ్లలో కలిపిన అల్యూమినా రేణువులను వేగంగా చిమ్మి పైపొరను కొడతారు. ఆ తాకిడికి లాగుడు కాస్తా నొక్కుడుగా మారుతుంది. నొక్కి ఉన్న పొరలో బీట తెరుచుకోవడం కష్టం. ఉపరితలం నునుపై చిప్పు కూడా సులువుగా జారుతుంది.

ఐదు వందల డిగ్రీల లోపే పూత వేసే పీవీడీ (భౌతిక ఆవిరి నిక్షేపణ) పద్ధతిలో నొక్కుడు ముందే ఉంటుంది కదా, మళ్లీ ఈ శ్రమ ఎందుకనవచ్చు. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థలో వాడే, విద్యుత్ ఆర్క్‌తో లోహాన్ని ఆవిరి చేసే క్యాథోడిక్ ఆర్క్ పద్ధతి కూడా పీవీడీ రకమే. ఆర్క్ నుంచి చిందే లోహపు బొట్లు పూతలో బొడిపెల్లా మిగులుతాయి, వాటిని పాలిష్ చేసి తీయాలి. పైగా నొక్కుడు మితిమీరితే పదునైన అంచు దగ్గర పూత తానే ఎగిరిపోతుంది. పూతకు ముందే అంచును కొన్ని పదుల మైక్రాన్లు గుండ్రం చేసేది అందుకే. అల్యూమినియం కోతకు మాత్రం ఇంత గుండ్రం పనికిరాదు, అక్కడ పదునే కావాలి.

కొట్టుడు పూతను అరగదీస్తుందన్న అభ్యంతరం నిజమే. అతిగా కొడితే అంచు దగ్గర కార్బైడే బయటపడుతుంది. కానీ కొన్ని ఇన్సర్టుల పైముఖం నుంచి బంగారు పొరను కావాలనే తీసేసి, దాని కింద ఉండే నల్లటి అల్యూమినా పొర కనిపించేలా వదులుతారు. అలాంటి కొత్త ఇన్సర్టును వాడేసిన సరుకనుకుని తిప్పి పంపకండి. కొనేటప్పుడు పూత పేరుతో పాటు అంచు ఎలా తీర్చారో, పూత తర్వాత ఏం చేశారో కూడా అడగండి.