నేల ఉసిరికి ప్రయోగశాల పరీక్ష

వేలూరు, గుడియాత్తం ప్రాంతాల్లో తమిళులు కీళానెల్లి అనీ తెలుగువారు నేల ఉసిరి అనీ పిలిచే చిన్న మొక్క పచ్చకామెర్లకు నాటుమందుగా పేరు పొందింది. అయితే కామెర్లు తెచ్చే వైరస్‌లలో హెపటైటిస్-ఎ వంటిది చాలామందిలో కొన్ని వారాలకు దానంతటదే తగ్గిపోతుంది కనుక, రోగి కోలుకున్నంత మాత్రాన మందు పనిచేసిందని చెప్పడానికి వీలులేదు.

వైరస్ బతికి ఉన్న కణంలో చొరబడి, ఆ కణం చేతనే తన నకళ్లను తయారు చేయించుకుంటుంది. అందువల్ల ఒక రసాయనాన్ని పరీక్షించాలంటే ముందుగా కణాలను పెంచాలి. ఆఫ్రికా కోతి మూత్రపిండం నుంచి 1962లో జపాన్‌లో వేరుచేసిన వీరో కణాలు ఇందుకు ఎక్కువగా ఉపయోగపడుతున్నాయి. గుంటలున్న ప్లాస్టిక్ పలకలో ఈ కణాలు పొరగా పరుచుకున్నాక, కొన్ని గుంటల్లో వైరస్‌ను మాత్రమే, కొన్నింటిలో వైరస్‌తో పాటు వేర్వేరు మోతాదుల్లో రసాయనాన్ని, మరికొన్నింటిలో రసాయనాన్ని మాత్రమే వేస్తారు. అన్నింటిలోకీ కీలకమైనవి ఈ చివరి గుంటలే. కణాలను చంపే ఏ విషమైనా, ఆశ్రయం లేకుండా చేసి వైరస్‌నూ ఆపినట్టే కనిపిస్తుంది. కణాల్లో సగం చనిపోయే మోతాదును వైరస్ సగానికి తగ్గే మోతాదుతో భాగిస్తే వచ్చే అంకె ఒకటికి దగ్గరగా ఉంటే ఆ రసాయనం మందుగా పనికిరాదు.

అయితే కామెర్లు తెచ్చే మరో వైరస్, హెపటైటిస్-బి, ఇలాంటి మామూలు కణాల్లో పెరగదు. అందుచేత వెంకటేశ్వరన్, మిల్మన్, నోబెల్ గ్రహీత బ్లంబర్గ్ 1987లో ప్రకటించిన పరిశోధనలో, వైరస్ తన డి.ఎన్.ఎ.ను నిర్మించుకోవడానికి వాడే ఎంజైమును నేల ఉసిరి సారం అడ్డుకుంటుందా అని చూశారు. అడ్డుకుంది. మరుసటి ఏడాది మద్రాసులో త్యాగరాజన్ బృందం ఈ వైరస్‌ను ఒంట్లో మోస్తున్న వాహకులకు ఆ మొక్క పొడిని నెలరోజులు ఇచ్చి పరీక్షించగా, 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ పైపొర ప్రోటీను కనిపించకుండా పోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. అయితే రక్తంలో వైరస్ ఆనవాలును పట్టడం వేరు, దానిని ఆపే మందును తేల్చడం వేరు. మొదటి పనిలో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు ఘనమైన చరిత్ర ఉంది. మద్రాసు నుంచి వచ్చిన నమూనాల్లో 1986లో దేశంలో తొలిసారిగా హెచ్.ఐ.వి. జాడ బయటపడింది అక్కడే.

రెండవ పని అంత తేలిక కాదు. 1990లో థాయ్‌లాండ్ వైద్యులు వాహకులకు ఇదే మొక్కను ఇచ్చి చూడగా వైరస్ పోలేదు. మొక్క పెరిగిన నేలనూ, కోసిన కాలాన్నీ, సారం తీసిన తీరునూ బట్టి అందులోని రసాయనాల పాళ్లు మారుతుంటాయి కాబట్టి, పని చేసే రసాయనాన్ని విడిగా తీసి, దాని మోతాదును తూచి, మళ్లీ గుంటల పలక దగ్గరి నుంచే పరీక్షను మొదలుపెట్టవలసి ఉంటుంది.