నర్సు చదివిన అమ్మాయికి ఏ దేశం మేలు?

(ఆకాశవాణి స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)

మా హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పక్క నర్సింగు చదివిన ఆడపిల్ల ఇంట్లో ఉంటే పెళ్ళిమాట కన్నా ముందు వచ్చే మాట, "పాప ఏ దేశం పోతుంది?" అని. వెంటనే జీతాల లెక్క మొదలవుతుంది. కువైట్‌లో ఇంతట, లండన్‌లో అంతకు రెండింతలట! జీతం చూడవద్దని నేననను. కాని అది చివర చూడవలసిన సంగతి. ముందు చూడవలసింది, మన పిల్ల ఆ దేశంలో నర్సుగా లెక్కకు వస్తుందా, రాదా అని.

చదివింది నర్సింగే గదా, ఇదేమి ప్రశ్న అంటారేమో. ఏ దేశానికి ఆ దేశంలో నర్సుల పేర్లు నమోదు చేసుకునే సంస్థ ఒకటి ఉంటుంది. మన రాష్ట్రంలో రిజిస్టరైనంత మాత్రాన అక్కడ సూది పట్టుకోనివ్వరు. అక్కడి పరీక్ష గట్టెక్కాలి. ఆ దారి కాకుండా మరో దారిన వెళ్తే, నాలుగేళ్ళు బి.ఎస్సీ. నర్సింగ్ చదివిన పిల్ల కూడా వృద్ధులకు స్నానం చేయించే సహాయకురాలిగానే ఉండిపోతుంది. అది తక్కువ పని అని కాదు. కాని చదివిన చదువుకు, చేసిన అప్పుకు అది చాలదు. నర్సు ఉద్యోగానికి దూరంగా గడిపిన ఏళ్ళు ముందుముందు అనుభవం కింద లెక్కకూ రావు.

బ్రిటన్ సంగతే చూడండి. నర్సుకు ఒక కొలువు, 'కేర్ వర్కర్' అనే సంరక్షకురాలికి వేరొక కొలువు. 2024 మార్చి 11 నుంచి కేర్ వర్కర్లు భర్తనూ, బిడ్డలనూ వెంట తెచ్చుకోరాదన్నారు. 2025 జులై 22 నుంచి ఆ పనికి విదేశాల నుంచి కొత్తగా మనుషులను రప్పించుకోవటమే ఆపివేశారు. నర్సుగా వెళ్ళినవారికి ఈ కట్టడి లేదు. కాబట్టి ఆఫర్ లెటర్ వస్తే ముందు ఉద్యోగం పేరు చదవండి.

ఇక పిల్ల చదువు. ఏ.ఎన్.ఎం. చేసినవారు మన పల్లెల్లో ఎంత సేవ చేస్తున్నా, బయటి దేశాల్లో ఆ చదువును పూర్తి నర్సు అర్హతగా చూడరు. జి.ఎన్.ఎం. చేసినవారికి గల్ఫ్, బ్రిటన్, జర్మనీ దారులు ఉన్నాయి. ఆస్ట్రేలియా డిగ్రీ స్థాయి చదువు అడుగుతుంది. జి.ఎన్.ఎం. అయినవారు రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. చేస్తే దారులు పెరుగుతాయి.

దేశాలు ఒక్కొక్కటే చూద్దాం. గల్ఫ్ దగ్గర, త్వరగా వెళ్ళవచ్చు. కంప్యూటర్ మీద రాసే పరీక్ష, సర్టిఫికెట్ల తనిఖీ ఉంటాయి. సాధారణంగా రెండేళ్ళ ఆసుపత్రి అనుభవం అడుగుతారు. జీతం మీద పన్ను లేదు. ఇల్లు కట్టుకోవాలి, చెల్లెలి పెళ్ళి చేయాలి అనుకునేవారికి ఇది అనుకూలం. కాని అక్కడ ఎన్నేళ్ళు పనిచేసినా ఆ దేశస్థురాలు కాదు. ఉద్యోగం ముగిస్తే ఇంటికి రావలసిందే.

బ్రిటన్‌కు ఇంగ్లీషు గట్టిగా కావాలి. ఐ.ఇ.ఎల్.టి.ఎస్.లో చదవటం, వినటం, మాట్లాడటంలో 7, రాయటంలో 6.5 రావాలి. ఒక పరీక్ష ఇక్కడ రాయవచ్చు. చేతిపని పరీక్ష అక్కడికి వెళ్ళాక ఉంటుంది. ఒకప్పుడు బ్రిటన్ ఆరోగ్యశాఖ నియమావళిలో ఆంధ్రప్రదేశ్ సహా నాలుగు భారత రాష్ట్రాల నుంచి నర్సులను పిలిపించుకోరాదని ఉండేది. ఆ రాష్ట్రాలు బ్రిటన్ సహాయం పొందుతున్నాయి గనుక అక్కడి నర్సులను తీసుకోవటం న్యాయం కాదనుకున్నారు. ఆ ఆంక్ష ఇప్పుడు లేదు.

జర్మనీలో నర్సుల కొరత ఎక్కువ. అసలు కష్టం భాష. బి-1, తర్వాత బి-2 దాకా జర్మన్ నేర్చుకోవాలి. ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు. భయపడనక్కరలేదు. అనంతపురంలో ఆర్.డి.టి. సంస్థ విదేశీ భాషల పాఠశాల పెట్టి పల్లెటూరి పిల్లలకే జర్మన్, ఫ్రెంచ్, స్పానిష్ నేర్పించింది.

అమెరికాకు ఎన్‌క్లెక్స్ పరీక్ష ఉంది. మన పిల్లలు బెంగళూరులోనే రాయవచ్చు. అయితే పాసైనంత మాత్రాన విమానం ఎక్కలేరు. భారతీయుల వీసా వరుస పదేళ్ళు దాటి ఉంది. అలాగని ఆ చదువు వృథా పోదు. అదే పరీక్షను ఆస్ట్రేలియా, కెనడాలో చాలా రాష్ట్రాలు కూడా అడుగుతాయి. పైగా బ్రిటన్, ఐర్లండ్ వంటి చోట్ల రిజిస్టరై 1,800 గంటలు పనిచేసిన నర్సుకు 2025 నుంచి ఆస్ట్రేలియాలో దారి సులువు చేశారు. మొదటి దేశాన్ని ఎంచుకునేటప్పుడే రెండో మెట్టు కూడా చూసుకోవాలనేది ఇందుకే.

తల్లులు ఇంట్లో కూర్చునే చేయగల పని ఒకటుంది. పదో తరగతి సర్టిఫికెట్టు, నర్సింగ్ మార్కుల పత్రాలు, కౌన్సిల్ రిజిస్ట్రేషన్, పాస్‌పోర్టు పక్కపక్కన పరచి చూడండి. ఒకదాంట్లో ఇంటిపేరు పొడి అక్షరం, మరొకదాంట్లో పూర్తి ఇంటిపేరు, పెళ్ళయ్యాక తీసిన దాంట్లో అత్తవారి ఇంటిపేరు! తనిఖీ ఆగిపోయేది ఇక్కడే. ముందే సరిచేయించండి. హిందూపురం నుంచి బెంగళూరు, తుమకూరు వెళ్ళి చదివినవారు అక్కడే రిజిస్టరై ఉంటే, విదేశీ కౌన్సిల్ ఆ రాష్ట్ర కౌన్సిల్‌నే అడుగుతుంది. పనిచేసిన ప్రతి ఆసుపత్రి నుంచి తేదీలతో అనుభవపత్రం తీసుకోవాలి. ధర్మవరం దగ్గరి బత్తలపల్లి ఆసుపత్రిలో చేసినా, పుట్టపర్తిలో చేసినా ఇది తప్పదు.

చివరిగా ఏజెంటు. 2015లో కేరళలో బయటపడ్డ కేసులో, నర్సు ఒక్కొక్కరి నుంచి 19,500 రూపాయలు తీసుకోవలసినచోట పంతొమ్మిదిన్నర లక్షలు వసూలు చేశారన్నది ఆరోపణ. గల్ఫ్ సహా 18 దేశాలకు నర్సులను ప్రభుత్వ సంస్థల ద్వారా పంపాలని కేంద్రం నియమం తెచ్చింది ఆ ఏడాదే. మన రాష్ట్రానికి 'ఓంక్యాప్' అనే ప్రభుత్వ సంస్థ ఉంది. లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దాని మీద పన్ను. అంతకు మించి అడిగినా, "ముందు విజిటింగ్ వీసా మీద పంపుతాం, అక్కడ మారుస్తాం" అన్నా అక్కడితో మాట ఆపండి. నగలు తాకట్టు పెట్టబోయే ముందు ఏజెంటు పేరు కేంద్రప్రభుత్వ ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో చూడండి.

ఏ దేశమైనా సరే, పిల్లను కూర్చోబెట్టుకుని అడగండి. అక్కడ నీ ఉద్యోగం పేరు నర్సేనా? మొగుడూ బిడ్డలూ నీతో ఉండగలరా? అయిదేళ్ళకు ఎక్కడ ఉండాలనుకుంటున్నావు? ఈ మూడింటికీ జవాబు దొరికాక జీతం మాట ఎత్తండి.