స్పెయిన్ నదీలోయల్లో ఆ కాలిబాటలు ఎవరు వేశారో మీకు తెలుసా?

నది కొండను నిలువునా కోసుకుపోయిన చోట, రాతిగోడను అంటిపెట్టుకుని ఒక సన్నని బాట. బాట మొదట్లో ఓ పల్లె. ఆ ఊళ్లో గడపలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, సెలవు రోజుల్లో వచ్చే జనం మాత్రం బారులు తీరతారు. స్పెయిన్‌లో ఇలాంటి చోట్లు చాలా ఉన్నాయి. వాటిలో పేరున్న బాటలు కొన్ని విహారం కోసం పుట్టినవి కావు. కూలీలు పనికి పోవడానికి, కాలువను కనిపెట్టుకుని ఉండడానికి, సరుకులు మోసే కంచరగాడిదలు లోయ దాటడానికి వేసుకున్నవి. అక్కడికి వెళ్లే ప్రతివాళ్లకూ ముందుగా తెలియాల్సింది ఈ చరిత్రేనని నా అభిప్రాయం.

కారెస్ లోయ బాట కరెంటు కోసం పుట్టింది

ఉత్తర స్పెయిన్‌లో పీకోస్ దె యూరోపా అనే సున్నపురాతి పర్వతాలున్నాయి. వాటిని చీల్చుకుంటూ కారెస్ నది పారుతుంది. లెయోన్ ప్రాంతం వైపు కాయీన్ అనే పల్లె, అస్తూరియాస్ ప్రాంతం వైపు పొన్సెబోస్. రెండింటి మధ్య లోయ వెంట సుమారు 12 కిలోమీటర్ల నడక.

ఇక్కడ ముందు వచ్చింది కాలువ. కాయీన్ దగ్గర నదికి అడ్డుకట్ట వేసి నీళ్లను కొండ పక్కగా తవ్విన కాలువలోకి మళ్లించారు. 1921 నాటికి ఆ పని పూర్తయింది. నదేమో లోయలో దబదబా దిగిపోతుంది. కాలువకు మాత్రం నీళ్లు కదలడానికి సరిపోయేంత వాలే ఇచ్చారు. దాంతో రెండింటి మధ్య ఎడం పెరుగుతూ పోయి, అవతలి కొసకు చేరేసరికి కాలువ నదికి రెండువందల మీటర్ల పైన ఉంటుంది. అక్కణ్నుంచి నీళ్లు గొట్టాల్లో కిందికి దూకి, కమార్మేన్యా విద్యుత్ కేంద్రంలో టర్బైన్లను తిప్పుతాయి.

కాలువ ఉందంటే దాన్ని చూసుకునే మనుషులు ఉండాలి కదా. మన పంటకాలువల మీద లస్కర్లు తిరిగినట్టే అక్కడా రోజూ ఎవరో ఒకరు నడవాలి. మొదట్లో వాళ్లకు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాటే దారే గతి. 1945–1950 మధ్య రాతిని తొలిచి ఇప్పుడున్న బాట వేశారు. ఈ పనుల్లో కూలీలు ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు.

కాయీన్ నుంచి బయల్దేరితే మొదట నది పక్కనే ఉంటుంది. కాసేపటికి సొరంగాలు వస్తాయి. పైకప్పు నుంచి చుక్కలు చుక్కలుగా నీళ్లు కారుతుంటాయి, కాళ్ల కింద రాయి తడిగా ఉంటుంది. గోడకు కిటికీల్లా తొలిచిన కంతల్లోంచి పడే వెలుతురే దీపం. బయటికొచ్చాక ఒక పక్క కాలువ నీళ్లు చప్పుడు లేకుండా సాగుతుంటాయి, ఇంకో పక్క అగాధం. చాలాచోట్ల రెయిలింగ్ ఉండదు. పొన్సెబోస్ నుంచి మొదలుపెట్టేవాళ్లకు ముందే పెద్ద ఎక్కుడు తగులుతుంది.

శిఖరం ఎక్కిన గొర్రెలకాపరి

కాయీన్ వాళ్లు చావరు, కొండ మీంచి పడిపోతారు అని ఆ వైపు ఒక నానుడి ఉంది. ఆ నిలువు గుట్టల్లో మేకల వెంట తిరిగిన జనం బతుకంతా ఆ ఒక్క ముక్కలో ఉంది.

ఆ ఊరివాడే గ్రెగోరియో పేరెస్. 1904 ఆగస్టు 5న పేద్రో పిదాల్ అనే ప్రభువుతో కలిసి, 2,519 మీటర్ల నరాన్హో దె బుల్నెస్ శిఖరాన్ని మొట్టమొదట ఎక్కాడు. వట్టి కాళ్లతో ఎక్కాడని చెబుతారు. ఆ పిదాలే తర్వాత జాతీయ పార్కుల కోసం పట్టుబట్టాడు. 1916లో చట్టం వచ్చింది. 1918లో ఈ పర్వతాల్లోనే, కోవదోంగా కొండల్లో, స్పెయిన్ తొలి జాతీయ పార్కు ఏర్పడింది. చట్టంతో పాటు గ్రెగోరియో పేరు కూడా గుర్తు పెట్టుకోవాలి.

తోడేలు వస్తే ఊరంతా కదలాల్సిందే

కాయీన్‌కు ఎగువన, వాల్దెయోన్ లోయలో, నది పక్కన నడిచేవాళ్లకు ఒక పాత తోడేళ్ల ఉచ్చు కనిపిస్తుంది. రెండు పొడవాటి దడులు మొదట్లో ఎడంగా ఉండి, పోనుపోను దగ్గరై, చివర గొయ్యి దగ్గర కలుస్తాయి. తోడేలు జాడ తెలియగానే ఊళ్లవాళ్లు కేకలు వేస్తూ దాన్ని ఆ దడుల మధ్యకు తోలేవాళ్లు. ఎవరు ఎక్కడ నిలబడాలి, రానివాళ్లకు జరిమానా ఎంత అన్నదానికి 17వ శతాబ్దంలోనే రాతపూర్వకంగా కట్టుబాట్లున్నాయి.

రోడ్డు లేని ఊరు, గుహలో మాగే చీజ్

పొన్సెబోస్‌కు దగ్గర్లోనే బుల్నెస్ ఉంది. ఆ ఊరికి ఇప్పటికీ మోటారు రోడ్డు లేదు. 2001లో కొండలోపల రెండు కిలోమీటర్లకు పైగా సొరంగం తవ్వి, తాడుతో లాగే రైలు పెట్టారు. నడవాలనుకునేవాళ్లకు పాత కొండదారి ఎలాగూ ఉంది. కబ్రాలెస్ చీజ్ పుట్టిల్లు కూడా ఇక్కడే. దాన్ని చల్లగా, చెమ్మగా ఉండే సహజమైన గుహల్లో కనీసం రెండు నెలలు మాగబెడతారు. లోపల నీలిబూజు పాకుతుంది. వాసన ఘాటుగా ఉంటుంది, రుచి అంతకంటే ఘాటు.

చులీయ వంతెనలు కూలీలవి

తూర్పున వలెన్సియా ప్రాంతంలో, తూరియా నది చుట్టుకుపోయే చోట చులీయ ఉంది. కొండ వాలున తెల్లటి ఇళ్లు, పైన శిథిలమైన కోట. 1950ల్లో ఎగువన లోరిగీయ ఆనకట్ట కడుతుంటే ఈ ఊరి మగవాళ్లు పనికి కుదిరారు. పనిచోటికి దగ్గరి దారి లోయలోంచే. నది దాటడానికి వేలాడే వంతెనలు వేసుకున్నారు. పొద్దున పోవడం, పనిచేయడం, మళ్లీ అదే దారిన ఇల్లు చేరడం. ఆనకట్ట కూలీల బాట అనే పేరే ఈ దారికి నిలిచింది.

ఆ వంతెనలు 1957 వరదలో కొట్టుకుపోయాయి. ఇప్పటి నడకదారి కోసం 2013లో మళ్లీ కట్టారు. వాటిలో ఎత్తైనది నదికి సుమారు 15 మీటర్ల పైన ఉంటుంది. నడుస్తుంటే కాళ్ల కింద పలకలు ఊగుతాయి.

ఆ వరద సంగతి ఇక్కడితో అయిపోలేదు. 1957 అక్టోబరు 14న అదే తూరియా దిగువన వలెన్సియా నగరాన్ని ముంచి 80 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ తర్వాత నదినే నగరానికి దక్షిణంగా కొత్త దారికి మళ్లించారు. ఖాళీ అయిన పాత నదీగర్భం ఇప్పుడు కిలోమీటర్ల పొడవున్న తోట. ఈ నది నీళ్ల పంపకంలో వచ్చే తగాదాలను తీర్చడానికి రైతుల న్యాయసభ ఒకటి ఉంది. ప్రతి గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి వలెన్సియా పెద్ద చర్చి గుమ్మం దగ్గర కూర్చుంటుంది. వాదనలూ తీర్పూ అన్నీ నోటిమాటగానే. 2009లో యునెస్కో దాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది.

రాజు పేరు, కూలీల బాట

మాలగా జిల్లాలోని కమినీతో దెల్ రేయ్ బాటకు రాజు పేరుంది. 1921లో 13వ అల్ఫోన్సో రాజు ఆనకట్ట ప్రారంభానికి వచ్చినప్పటి నుంచి ఆ పేరు నిలిచింది. నిజానికి అది 1901–1905 మధ్య జలవిద్యుత్ పనివాళ్ల కోసం వేసిన దారి. పాడుబడి, మనుషులు పడి చనిపోయాక మూసేశారు. బాగుచేసి 2015 మార్చిలో తెరిచారు. ఇప్పుడు ముందుగా టికెట్ తీసుకోవాలి, హెల్మెట్ పెట్టుకోవాలి.

కటలోనియా, అరగోన్ సరిహద్దులోని మోంత్‌రెబేయ్ లోయ బాట మరోలాంటిది. గోడలు 500 మీటర్లకు పైన, ఇరుకైన చోట వెడల్పు సుమారు 20 మీటర్లే. రోడ్డు, రైలు, కరెంటు తీగ ఏవీ ఈ లోయను దాటవు. పాత కంచరగాడిదల దారి కనేల్యెస్ జలాశయం నీళ్లలో మునిగిపోతే, 1980ల్లో పైన మళ్లీ రాతిని తొలిచారు.

ఆ తెల్లటి మరకలు రాబందులవి

ఈ లోయల గోడల మీద సున్నం ఒలికినట్టు మరకలుంటాయి. అవి రాబందుల గూళ్ల ఆనవాళ్లు. రెక్కలు చాస్తే రెండున్నర మీటర్లు దాటే గ్రిఫన్ రాబందులు స్పెయిన్‌లో ముప్పై వేల జంటలకు పైగా ఉన్నాయి. ఐరోపాలో అత్యధికం అక్కడే. ఏడాదికి ఒక్క గుడ్డే పెడతాయి కాబట్టి గూళ్ల కాలంలో కొన్ని లోయల్లో మనుషుల రాకపోకల్ని కట్టడి చేస్తారు. పిచ్చి ఆవు జబ్బు భయంతో 2000ల మొదట్లో పశువుల కళేబరాలు బయట వదలకూడదన్నారు. రాబందులు ఆకలితో అల్లాడాయి. తర్వాత ఆ నిబంధన సడలించారు.

మన దేశంలో పశువులకిచ్చే డైక్లోఫెనాక్ వల్ల రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయి, 2006లో ఆ మందును పశువైద్యంలో నిషేధించారు. ఆ తర్వాత తెలంగాణలో బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్ట లాంటి కొద్ది చోట్లే కనిపించాయి. ఇదంతా చూశాక కూడా 2013లో స్పెయిన్ అదే మందును పశువులకు అనుమతించింది. నాకు ఇది ఎంతమాత్రం మింగుడుపడదు.

రంగు చూసి నడవండి

రాళ్ల మీద, చెట్ల మీద గీసిన గీతలే స్పెయిన్‌లో దారి చూపిస్తాయి. ఎరుపు, తెలుపు ఉంటే 50 కిలోమీటర్లు దాటే దూరపు బాట. పసుపు, తెలుపు అయితే 10 నుంచి 50 లోపు. ఆకుపచ్చ, తెలుపు ఊరి చుట్టుపక్కల నడక. గీతలు అడ్డంగా ఇంటూ గుర్తులా కనిపిస్తే అటు పోకూడదని. తూర్పు తీరానికి వెళ్లేవాళ్లు శరదృతువులో వాతావరణ శాఖ హెచ్చరికలు తప్పక చూసుకోవాలి. అక్కడ కుండపోత వానలు కురిసేది ఆ నెలల్లోనే.