ఒక నీలి కాగితము, తొమ్మిది గ్యాలనుల పీపా

సంపాదకుల ఆజ్ఞ స్పష్టముగనే యుండెను. ఇంగ్లండులో నున్న నాళ్లలో ఏదేని చిన్న పట్టణమునకు పోయి, అచట ‘మైక్రోపబ్’ అను పేర చలామణి యగుచున్న బుల్లి పానశాల నొకదానిని చూచి, ముఖచిత్రమునకు తగిన ఫొటోలతో గురువారము సాయంకాలములోగా కథనము పంపవలెను. రంగు, రుచి, వాసన పుష్కలముగ నుండవలెను. చట్టములు, చరిత్రలు వలదు. ఈ ఆజ్ఞలో మొదటి సగమును శిరసావహించితిని. రెండవ సగమును పాటింపజాలకపోతిని. ఏలయన, డీల్ పట్టణమున నా కంటబడిన వానిలోనెల్ల మిక్కిలి సజీవముగ తోచినది ఒక చట్టపు కాగితమే.

కెంట్ తూర్పుతీరమున, డోవరునకు ఈశాన్యముగ ఎనిమిది మైళ్ల దూరమున, లండన్ నుండి రైలులో సుమారు గంటన్నర ప్రయాణమున నున్న డీల్, రేవు లేకయే ఓడల మీద బ్రదికిన ఊరు. తీరమున కెదురుగ డౌన్స్ అను లంగరు తావునందు ఓడలు అనుకూలవాయువునకై వేచియుండగా, వానికి వలయు సరుకులను చిన్న పడవలలో చేరవేయుచు శతాబ్దములు గడిపిన ఊరు. ఊరి నడుమ కింగ్ స్ట్రీటులో ‘జస్ట్ రిప్రోచ్’ అను మైక్రోపబ్ 2011లో వెలసినది. పబ్బు అనగనే మన హైదరాబాదు యువకులకు స్ఫురించు చీకటి హాలు గాని, చెవులు గింగురుమను సంగీతము గాని, ద్వారమున నిలుచు కండలవీరులు గాని ఇచట లేరు. ఒక్క గది, ఒకప్పటి దుకాణపు కొలతలే. ఎత్తైన బల్లలు, వాని కిరువైపుల జనము. పాట లేదు, టీవీ లేదు, నాణెములు మ్రింగు జూదపు యంత్రము లేదు. పీపాలు వెనుకనున్న చల్లని గదిలో నుండగా, పానపాత్రను కూర్చున్న చోటికే తెచ్చి యిత్తురు. చేయుటకు వేరొండు పని లేనందున మనుష్యులు మాటలాడుకొందురు. ఇంగ్లీషువారు అపరిచితులతో మాట కలుపరను ప్రథను చిన్ననాటినుండి వినియున్న నేను, ఇరుగుపొరుగు మోచేతులు తగులునట్లు కూర్చుండబెట్టినచో ఎట్టివాడైన నోరు విప్పక తప్పదని యచట గ్రహించితిని.

పానీయము మాట చెప్పనిదే సంపాదకులు క్షమింపరు. బార్లీని మొలకెత్తించి, ఎండబెట్టి, వేడినీట నానబెట్టి తీసిన తీయని రసమును హాప్స్ పూలతో కాచి, చల్లార్చి, ఈస్టుతో పులియబెట్టినచో ఏల్ అను బీరగును. పీపా ఏల్‌నకు గల విశేష మేమనగా, దానిని వడగట్టి వేడిచేసి ప్రాణము తీయక, ఈస్టు సజీవముగ నుండగనే పీపాకెక్కింతురు. అది పబ్బు చేరిన పిదప రెండవమారు పులిసి, తన నురుగును తానే సంపాదించుకొనును. పీపా పైరంధ్రమున మొదట గాలి పోనిచ్చు మెత్తని కొయ్యచీలను దిగగొట్టి, పొంగు శమించిన పిమ్మట గట్టిచీలతో మూయుదురు. మడ్డి యడుగునకు దిగుటకై చేప గాలితిత్తినుండి తీసిన జిగురు కలుపు వాడుక చాలచోట్ల గలదు గనుక, శాకాహారనియమము గలవారు పాత్ర నందుకొనుటకు ముందే అడిగి తెలిసికొనుట మేలు. జిగురు కలుపని మసకబారిన ఏల్‌లును ఇప్పుడు దొరకుచున్నవి. ఇంగ్లీషువాడు వెచ్చని బీరు త్రాగునన్నది అపవాదు. 11 మొదలు 13 డిగ్రీల సెల్సియస్ వరకు గల నేలమాళిగ చల్లదనమే దీనికి తగిన చల్లదనము, మంచుముక్కవలె నున్నచో రుచి తెలియదు. పొద్దున దింపిన కల్లు పొద్దుగూకునప్పటికి పులుపెక్కునట్లు, ఒకమారు గాలి సోకిన పీపా ఏల్ గూడ చెడిపోవు పదార్థమే; మూడు దినములలో ఖర్చు కావలెను. పెద్ద పబ్బునకు ఇది తలనొప్పి. నాలుగు పీపాలు, నిత్యము వచ్చు కొద్దిమంది గల చిన్న గదికి ఇదియే బలము. నాకు దొరకినది ఆ మండలపు గోల్డింగ్స్ హాప్స్ వేసినది. చేదు మొదట కాక చివర తగిలెను. బాగుగనే యుండెను. అంతకుమించి పొగడుట నాకు చేతకాదు.

చరిత్రను ఒక్క గుక్కలో ముగింతును. 1960లలో పెద్ద కంపెనీలు వాయువు నింపిన నిర్జీవపు బీరును దేశమెల్ల నింపగా, 1971లో ఐర్లండునకు విహారమునకు పోయిన నలుగురు యువకులు దాని కెదురుగ ‘కామ్రా’ అను ఉద్యమసంస్థను స్థాపించిరి, 1989లో ప్రభుత్వము పెద్ద తయారీదారుల చేతులలోనున్న పబ్బుల సంఖ్యకు కళ్లెము వేయగా ఆ పబ్బులను వేరు కంపెనీలు కొనుక్కొనినవి, 2002లో చిన్న తయారీదారులకు సుంకము తగ్గెను, 2005లో కెంట్‌లోని హెర్న్ గ్రామమున మార్టిన్ హిలియర్ అను నతడు పాత కసాయి దుకాణములో ‘బుచర్స్ ఆర్మ్స్’ పేర మొట్టమొదటి మైక్రోపబ్ తెరచెను, 2009లో కామ్రా మహాసభలో అతడు తన కిటుకును బహిరంగముగ చెప్పగా, ఆ యేడే హార్టిల్‌పూల్ రైల్వేస్టేషనులో మరొకటి వెలసెను, 2012లో వీనికొక సంఘము, నేడు వందలకొలది.

ఇది చదివిన వారెవరైన మైక్రోపబ్ అనగా పాతకాలపు మమకారమునుండి పుట్టినదని తలతురు. నాకు నమ్మకము లేదు. మమకారము 1971నుండియు నుండెను. గది మాత్రము 2005 వరకు రాలేదు. నడుమ జరిగిన దేమి?

జవాబు అదే పట్టణమున వేరొక వీథిలో దొరకెను. మూతపడిన యొక దుకాణపు కిటికీ యద్దమునకు లోపలివైపున లేతనీలి రంగు కాగిత మంటించియుండెను. నీళ్ల బిల్లు కాబోలునని దాటిపోవచ్చును; తరతరాల కరణీకపు రక్తము నాలో నెక్కడనో మిగిలియున్నందున నిలిచి చదివితిని. ఇచట మద్యము విక్రయించుటకు అనుమతి కోరుచున్నామనియు, ఫలానా గంటలనుండి ఫలానా గంటలవరకు తెరచియుంచ దలచితిమనియు, దరఖాస్తును ఫలానా కౌన్సిలు కార్యాలయమున ఎవరైనను చూడవచ్చుననియు, చెప్పుకొనదగినదేమైన నున్నచో ఫలానా తేదీలోగా వ్రాతమూలకముగ తెలుపవలెననియు, తెలిసి తెలిసి అబద్ధము వ్రాయుట నేరమనియు నందున్నది. ఈ కాగితమునకు గల నియమములు ముచ్చటైనవి: రంగు లేతనీలమే కావలెను, ఏ4 పరిమాణమునకు తగ్గరాదు, అక్షరములు నల్లసిరాతో 16 పాయింట్లకు తక్కువ గాకుండవలెను, దారిన పోవువారు బయట నిలిచి సుఖముగ చదువునట్లు 28 దినములు ఎడతెగక వ్రేలాడవలెను, స్థలము విశాలమైనచో వీథి పొడుగున ప్రతి 50 మీటర్లకు ఒకటి చొప్పున నంటింపవలెను. స్థానికపత్రికలో ప్రకటన వేరుగ నుండవలెను. మైక్రోపబ్‌నకు ఒక్క కాగితము చాలును. ముఖద్వారమే రెండు బారలు గదా.

ఈ కాగితము 2003నాటి లైసెన్సింగ్ చట్టపు సంతానము. ఆ చట్టము 2005 నవంబరు 24న అమలులోనికి వచ్చెను. అంతకు పూర్వము మద్యపు లైసెన్సు లిచ్చు అధికారము మేజిస్ట్రేటులది. వారి యెదుటికి క్రొత్తవాడు దరఖాస్తుతో వచ్చినప్పుడు, ఊరిలోని పాత పబ్బులవారు వకీళ్లను వెంటబెట్టుకొని వచ్చి, ‘ఇచట చాలినన్ని పబ్బు లున్నవి, మరొకటి యవసరము లేదు’ అని వాదింపగలిగెడివారు. ఆ వాదము చెల్లుబాటగుటయు కద్దు. క్రొత్త చట్టము అధికారమును కౌన్సిలునకు మార్చి, ఆక్షేపణలకు నాలుగే ద్వారములు తెరచి యుంచెను: నేరములు, అల్లరులు జరుగునను భయము; ప్రజల భద్రత; ఇరుగుపొరుగునకు కలుగు పీడ; పిల్లలకు కలుగు హాని. ‘అవసరము లేదు’ అను అయిదవ ద్వారమునకు తాళము పడెను. ఆ తాళపుచెవియే మైక్రోపబ్ జన్మరహస్యము. సంగీతము, టీవీ, అర్ధరాత్రి నృత్యములు కోరని యొక చిన్న గదిమీద ఈ నాలిగింటిలో దేనిని మోపగలరు? బార్లీ వాసననా?

ఇంకొక సూక్ష్మము గలదు. నియమితకాలములో తగిన ఆక్షేపణ ఒక్కటియు రానిచో కౌన్సిలు లైసెన్సు ఇచ్చి తీరవలెను. వచ్చినచో ముగ్గురు కౌన్సిలర్ల యుపసంఘము ఇరుపక్షముల వాదమును వినును. మౌనము అర్ధాంగీకారమని మన పెద్దలందురు. ఆ చట్టమున మౌనము పూర్ణాంగీకారమే. దరఖాస్తు రుసుము భవనపు పన్నువిలువను బట్టి యుండును. అతి తక్కువ తరగతికి 100 పౌండ్లు, ఏటేట 70. లైసెన్సు చేతికి వచ్చిన పిమ్మట దాని సంక్షిప్తప్రతిని అందరికి కనబడునట్లు గోడకు తగిలింపవలెను. త్రాగువారిలో దానిని చదువువాడెవడును నాకు కనబడలేదు గాని, కిటికీమీది నీలి కాగితమును మాత్రము తన భార్య ఎచట కనిపించినను కళ్లద్దములు పెట్టుకొని తుదవరకు చదువునని, నా ప్రక్కనున్న వృద్ధుడొకడు కొంత గర్వముతోడను కొంత భయముతోడను చెప్పెను.

పీపాల లెక్క
పీపాలలో ఎక్కువగ వాడబడునది ‘ఫర్కిన్’. 9 ఇంగ్లీషు గ్యాలనులు, అనగా 72 పైంట్లు. దానిలో సగము ‘పిన్’, రెట్టింపు ‘కిల్డర్కిన్’, నాలుగు రెట్లు ‘బారెల్’. పైంటు 568 మిల్లీలీటర్లు. మడ్డి పోగా ఫర్కిన్ నుండి 72 పైంట్లు నిండుగ రావు. చిన్న పబ్బులవారి లాభనష్టములు ఆ యడుగు మడ్డిలోనే తేలును.

పేరు వెనుక పిడుగు
1703 నవంబరు మహావాతూలమున డీల్ కెదురుగనున్న గుడ్విన్ ఇసుకతిన్నెలపై యుద్ధనౌకలు బ్రద్దలై వేయిమందికి పైగా నావికులు మడిసిరి. తిన్నెలపై ప్రాణములతో మిగిలినవారిని విడిచి, డీల్ పడవవారు కొట్టుకొనివచ్చిన సొత్తు నేరుకొనిరని డానియల్ డీఫో 1704లో ప్రకటించిన ‘ది స్టార్మ్’ గ్రంథమున పద్యములలో ఊరిని శపించెను. నాటి మేయరు సైమన్ ప్రిట్చార్డ్ మాత్రము మనుష్యులను కూర్చుకొని పోయి సుమారు 200 మందిని రక్షించెను. ఆ పద్యములలోని ‘జస్ట్ రిప్రోచ్’ (తగిన నింద) అను తిట్టే పబ్బు పేరయ్యెను. తిట్టును తలుపుమీద వ్రాసికొన్న ఊరిమీద నాకు గౌరవము కలిగెను.

నీలి కాగితమును మహాద్భుతమని పొగడబోను. ఆక్షేపించుటకు తీరిక, చదువు, వ్రాయు నేర్పు గలవారికే అది యుపకరించును. చీకటిపడిన వీథిలో పదహారు పాయింట్ల యక్షరము లెవరి కానునో యాలోచింపవలసినదే. అయినను మన వైపు చూచినప్పుడు దాని లోటు తెలియును. ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబరున 3,396 మద్యపు దుకాణములకు లాటరీ తీసిరి. దరఖాస్తు రుసుమే తిరిగిరాని రెండు లక్షల రూపాయలు. గుడికి ఇంత, బడికి ఇంత అని దూరపు కొలతలు మనకును గలవు. ఎదురింటి గృహిణి యభిప్రాయమునకు కొలత యేర్పరచినవారు లేరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణమును తామే మూయించి, 1993లో సారా నిషేధమునకు, 1995లో సంపూర్ణ మద్యనిషేధమునకు దారితీసిన యుద్యమమును లేవనెత్తవలసి వచ్చుటకు గల కారణములలో, వారిని ముందుగ ఎవ్వరును అడుగకపోవుట యొకటి. నిషేధము 1997లో తొలగిపోయెను. అడుగని వాడుక మాత్రము నిలిచియున్నది.

కావున అబ్కారీ శాఖవారికి నా విన్నపము: మరుసటి లాటరీకి ముందు, దుకాణము తెరువ దలచిన ప్రతి గది తలుపునకు ఒక కాగిత మంటింపుడు. రంగు మీ యిష్టము. అక్షరములు మాత్రము పెద్దవిగ, తెలుగులో నుండవలెను. ఆక్షేపణ ఎచట, ఏ తేదీలోగా ఇయ్యవలెనో అందు వ్రాయవలెను. ఇరువదియెనిమిది దినములు దానిని ఎవ్వరును చింపకుండ చూడవలెను.